మ్యాటీ గుడ్డ మీద అక్షరమాల

మొన్న ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో ఆఫీసు నుంచి బస్సుకోసం నడుస్తూ, ఒక పాత సామాన్ల దుకాణం అద్దం వెనుక గోధుమరంగు దారంతో ఇంగ్లీషు అక్షరాలు కుట్టిన గుడ్డను చూసి ఆగిపోయాను. నాలాగే స్టూడెంట్ వీసా మీద వచ్చి, ఇప్పుడు ఇక్కడే పిల్లల్ని పెంచుతున్న మీకు ఈ సంగతి చెప్పుకోవాలనిపించింది.

చదువుకునే రోజుల్లో నేను హామిల్టన్‌లో ఒక క్వేకర్ వృద్ధురాలి ఇంట్లో అద్దెకు ఉండేదాన్ని. పాటా ప్రసంగమూ లేకుండా, కలిసి మౌనంగా కూర్చోవడమే ప్రార్థనగా భావించే క్రైస్తవులు వారు. ఆమె ముందుగదిలో అలాంటి గుడ్డే ఫ్రేములో ఉండేది. వాళ్ళ ముత్తవ్వ చిన్నతనంలో కుట్టినదట. వెనకటి క్వేకర్ ఇళ్ళలో ఆడపిల్లలకు అక్షరాలూ ఓర్పూ ఒకే సూదితో నేర్పేవారనీ, పువ్వులూ తీగలూ ఆడంబరమని ఆ ఇంట్లో కుట్టనిచ్చేవారు కాదనీ ఆమె చెప్పేది.

అదే ఊళ్ళో రోటోటూనా వైపు ఉండే మా పిన్ని ఒకసారి నన్ను చూడవచ్చి ఆ గుడ్డ ముందు చాలాసేపు నిలబడింది. ఇక్కడే పుట్టిన ఏడేళ్ళ కూతురికి తెలుగు వింటే అర్థమవుతుంది గాని చదవడం రాదన్నదే అప్పట్లో ఆవిడ దిగులంతా. పలకా, వీడియోలూ, వారాంతపు క్లాసులూ ఏవీ పనిచేయలేదు. తాను బడిలో గళ్ళు లెక్కపెడుతూ వేసే ఇంటూ కుట్టు నేర్చుకున్నది గనుక, ఇండియా నుంచి గళ్ళ నేత మ్యాటీ గుడ్డ తెప్పించి, గళ్ళ కాగితం మీద తెలుగు అక్షరాలు తానే గీసి ఇచ్చింది. గుండ్రని అక్షరాలకు గళ్ళల్లో మూలలు తేలుతుంటే, ఆ పిల్ల విసుగులేకుండా విప్పి మళ్ళీ కుట్టేది. ఆ చలికాలమంతా పిన్ని ఫోనులో ఆ గుడ్డ గురించి తప్ప మరో మాట మాట్లాడలేదు.

గుడ్డ పూర్తయిన రోజున వృద్ధురాలినీ నన్నూ భోజనానికి పిలిచి, నడి వరుసలో ఒక అక్షరం మీద వేలు పెట్టి, "ఏదీ బంగారం, అక్కకి ఇది చదివి వినిపించు," అంది.

"చదవడమేంటి మమ్మీ? ఇట్స్ ఎ పాటర్న్! నేను బాక్సులు కౌంట్ చేశానంతే."

పక్క అక్షరమూ అంతే, దాని పక్కదీ అంతే. పిన్ని వేలు తీసేసి అన్నం వడ్డించడానికి లేచింది.

కాలేజీ డిబేట్లలో అలవాటైన నా నోరు ఊరుకోక, తిరిగి వస్తూ కారులో, మీ ముత్తవ్వకు మాత్రం చదవడం వచ్చేదా అని వృద్ధురాలిని అడిగాను. ఆమె, గుడ్డ గోడకెక్కాక ఆ ప్రశ్న తమ ఇంట్లో ఎవరూ వేయలేదని చెప్పింది.

చేతికి వచ్చినది తలకు చేరుతుందన్న నమ్మకం ఎంతటిదైనా, అది నమ్మకమే తప్ప చదువు కాదు. ప్రేమ చాలకనో శ్రమ చాలకనో ఇలా జరిగిందని ఎవరైనా వాదిస్తే బాగుండును, అప్పుడు సరిదిద్దుకోవడానికి ఏదో ఒకటి మిగిలేది. ఇప్పుడా పిల్ల యూనివర్సిటీ చదువుకు వేరే ఊళ్ళో ఉంటోంది. తెలుగు అందంగా రాయగల మా పిన్ని, కూతురికి పంపే నాలుగు ముక్కలకూ ఇంగ్లీషు మాటలు వెతుక్కుని, దొరకని చోట వదిలేసి, మిగిలినది పంపుతోంది.