మావ అనని మాట

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరూ ఎక్కడికీ "పోయేవారు" కాదు. అందరూ "వచ్చేవారే". పక్కింటికి చింతపండు కోసం బయలుదేరిన ఆవిడ గడప దాటుతూ "వస్తానప్పా" అనేది. కోటబొమ్మాళిలో రైలెక్కబోయేవాడు "ఎల్లొస్తాను" అనేవాడు. అత్తారింటితో తగువు పెట్టుకున్న ఒక అల్లుడు "ఇంక ఈ గడప తొక్కితే ఒట్టు, ఎల్లొస్తాను" అని విసురుగా వెళ్ళడం నేను చెవులారా విన్నాను. "పోతాను" అన్నది ప్రాణం విషయంలో వాడే మాట. అది పొరపాటున నా నోట వస్తే మా అమ్మ నెత్తిన ఒకటి వేసి, సరైన మాట మళ్ళీ అనిపించేది. ఈ మర్యాద మా మావకు చేసిన చెరుపు గురించి ఇన్నాళ్ళకు నోరు విప్పుతున్నాను. మా మావ అమ్ముడుపోలేదు. అసలు ముక్క ఇదే కనుక ముందే చెప్పేస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. మా పంచాయతీలో వార్డు మెంబరుని. (గెలిచానని చెప్పలేను. మా వార్డులో పోటీకి దిగిన ఇద్దరు పెద్దలు ఒకరికి దక్కకూడదని ఇంకొకరు పంతానికి పోయి, చివరికి ఇద్దరికీ నష్టం లేని మనిషిగా నన్ను కూర్చోబెట్టారు.) ప్రెసిడెంటుతో కలిపి మేం పదకొండు మందిమి. మంగళవారం మంగళవారం సంత జరిగే పంచాయతీ స్థలాన్ని కల్యాణ మండపం కట్టుకోవడానికి తన తోడల్లుడికి దీర్ఘకాలం లీజుకివ్వాలని ప్రెసిడెంటు తీర్మానం తయారుచేశాడు. ఆయనతో కలిపి ఆ వైపు ఆరుగురు. మా వైపు ఐదుగురు: మా అమ్మ తమ్ముడైన మావ, సంతలో ఎండుచేపలు అమ్మే అప్ప (అక్కను మేం అప్ప అంటాం, ఆవిడ ఊరందరికీ అప్పే), లెక్కల మాస్టారు, సోడా కొట్టు బావ, నేను. ఓటేస్తే ఓడిపోతాం. అయితే అలాంటి తీర్మానానికి కనీసం ఎనమండుగురు హాజరులో ఉండాలని మాస్టారు ఎక్కడో చదివి పట్టుకొచ్చారు. మేం ఐదుగురం లేచి బయటికి నడిస్తే లోపల మిగిలేది ఆరుగురే. కోరం ఉండదు, ఓటు జరగదు, సంత నిలబడుతుంది.

ముందు రోజు మావ ఇంటి అరుగు మీద దానికి రిహార్సలు వేశాం. "నాను తువ్వాలు దులపగానే అందరూ నెగాల. నెగిసి గుమ్మం కేసి నడాల. అంతే" అన్నాడు మావ.

"ఏటీ మాటాడకూడదేటి తమ్ముడూ?" అంది అప్ప.

"మాటాడితే అది వాకౌటెలగవుతాదప్పా? మాటాడాలంటే లోపలే కూకోవచ్చు కదా."

"పెసిరెంటు బాబుకి దండమైనా ఎట్టొద్దేటి? పెద్దోడు కదా, ముకం మీద నెగిసొచ్చీస్తే ఏటి బాగుంటాది?"

"బాగోకూడదనే కదప్పా నెగుస్తన్నాం!"

ఆ తరవాత మావ నా వైపు తిరిగాడు. "ఒరే, నీకు సదువుతోపాటు నోటి దురద కూడా ఉన్నాది. నువ్వు ఆకర్న రా. ఎవులైనా ఆగిపోతే తోసుకొచ్చీ. నువ్వు మాత్రం నోరిప్పకు." ఇరవై మూడేళ్ళ వయసులో ఉద్యమానికి వెనక కాపలా నేనే అనుకుని పొంగిపోయాను. రాత్రికి రాత్రే నాలుగు పేజీల ప్రసంగం రాసి జేబులో పెట్టుకున్నాను, నోరు విప్పొద్దన్న ఆజ్ఞ బాగా గుర్తుండి కూడా.

మర్నాడు మీటింగులో ముందుగా అందరం రిజిస్టరులో సంతకాలు పెట్టాం. (సంతకం పెట్టనివారికి టీ ఇచ్చే ఆచారం మా పంచాయతీలో లేదు.) కార్యదర్శి తీర్మానం చదివాడు. మావ తువ్వాలు దులిపాడు. ఈగను తోలుతున్నాడనుకుని ఎవరూ కదలలేదు. మావ ఈసారి టీ గ్లాసు కింద పడేంత గట్టిగా దులిపాడు. ఐదుగురం లేచాం. ప్రెసిడెంటు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. మావ, ఆయన వెనక అప్ప, మాస్టారు, బావ ఒక్క మాట లేకుండా గుమ్మం దాటారు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో మా పంచాయతీ ఆఫీసు నా కంటికి శాసనసభలాగే కనిపించింది.

చివరగా నేను గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కార్యదర్శి కాగితం మీది నుంచి తల ఎత్తకుండానే, ఎంతో ఆప్యాయంగా, "ఏటి బాబూ, అందరూ కట్టగట్టుకుని పోతన్నారేటి?" అన్నాడు. ఆయనా మా జిల్లా మనిషే. ఏ మాటకు ఏ మాట బదులొస్తుందో బాగా తెలిసినవాడు.

"అయ్యో, అవేం మాటలండీ! ఎల్లొస్తామండి" అన్నాను, రెండు చేతులూ జోడించి.

"మంచిది, ఎల్లి రండి" అన్నాడాయన. ప్రెసిడెంటు కూడా తేరుకుని, "ఎల్లి రండి బాబూ, ఎల్లి రండి" అన్నాడు. ఎంత సంస్కారవంతులు అనుకుంటూ బయటపడ్డాను.

బావ కొట్టు దగ్గర గోళీసోడాలు కొట్టుకుని సంబరం చేసుకుంటున్నాం. అప్ప అప్పటికే సంతలో తన చోటుకు తాటాకు పందిరి వేయించే ఆలోచనలో ఉంది. ఇంతలో పంచాయతీ బంట్రోతు వచ్చి, "అయిపోనాది బాబూ. ఆరు సేతులు నెగిసినాయి" అన్నాడు.

"ఆరు నెగిస్తే ఏటి? ఎనమండుగురు ఉండాల కదా?" అన్నాడు మావ.

"పదకొండు మందీ ఉన్నారు కదా! సంతకాలున్నాయి. మీరు ఎల్లొస్తామని సెప్పి ఎల్లినారట. కాయితం మీద రాసీసినారు. కాసేపు మీకోసం సూసి కానిచ్చీసినారు."

కార్యదర్శి రాసిన వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: "ఐదుగురు సభ్యులు 'వెళ్ళి వస్తాము' అని తమలో ఒకరి ద్వారా విన్నవించుకుని, అధ్యక్షులవారి అనుమతిపై బయటకు వెళ్ళినందున, వారు హాజరులో ఉన్నట్లే భావించడమైనది."

"ఎవులన్నారురా ఆ మాట?" అన్నాడు మావ. నేను సీసాలోని గోళీ వైపు చూస్తూ నిలబడ్డాను. పేరు కాగితంలో లేదు. అర్జీలు పెట్టాం. పై అధికారులు రిజిస్టరు చూసి, మా సంతకాలు చూసి, ఆ వాక్యం చదివి, మర్యాదస్తులని మెచ్చుకుని పంపేశారు. ఊరు మాత్రం తీర్పు చెప్పేసింది: నాయకుడు లోపాయికారీగా మాట్లాడుకునే బయటికి నడిచాడని. పాత సైకిలు విరిగిపోయి మావ ఆమదాలవలస నుంచి కొత్త సైకిలు తెచ్చుకోవడం కూడా ఆ నెలలోనే జరిగింది. ఇంకేం కావాలి! తరవాతి ఎన్నికల్లో మావను ఓడించారు. నేను నిలబడ్డాను, గెలిచాను కూడా. (ఈ వాక్యం రాయడానికే ఇన్నేళ్ళు పట్టింది.)

అలాగని మేం లేచి రావడం తప్పని నేను ఒప్పుకోను. టీవీలో ఎక్కడో శాసనసభ్యులు ఓటు ఆపడానికి బయటికి నడుస్తుంటే మా ఇంట్లో అందరూ తిడతారు. నేను తిట్టను. లెక్కకు ఆరు ఐదు కంటే పెద్దదే కావచ్చు, అంతమాత్రాన సంత ఆ ఆరుగురి సొత్తు అయిపోదు. చేతులెత్తి గెలవలేనివాడికి కాళ్ళున్నది అందుకే. రేపు మళ్ళీ అలాంటి తీర్మానం వస్తే మళ్ళీ లేస్తాను. పశ్చాత్తాపమంతా ఆ ఒక్క మాట గురించి, ఆ తరవాతి మౌనం గురించి.

మొన్న గ్రామసభలో డెబ్బై ఐదేళ్ళ మావ కాలువ పూడిక గురించి మాట్లాడదామని లేచాడు. వెనక నుంచి ఎవరో, "అమ్ముడుపోయినోడికి కాలవెందుకు? కూకో!" అని అరిచారు. మావ కూర్చున్నాడు. అలవాటుపడినవాడిలా, మెల్లగా, తువ్వాలు సర్దుకుని కూర్చున్నాడు. అది నేను చూడలేకపోయాను. లేచి మొత్తం చెప్పేశాను, చేతులు జోడించిన సంగతితో సహా. మొదట ఎవరూ నమ్మలేదు. అప్ప లేచి, "నానూ ఇన్నాను. గుమ్మం బయటే ఉన్నాను. గుంటడని ఒగ్గీసినాను" అంది. అప్పుడు నమ్మారు. దీన్ని రాసుకోమని కొత్త కార్యదర్శిని అడిగాను. చిన్నపిల్ల. "పాత మినిట్సు ఇప్పుడెలా మారుస్తామండీ?" అంది. "మార్చొద్దమ్మా. ఇవాళ్టి దాంట్లో రాయండి. నా పేరు పెట్టి రాయండి" అన్నాను. రాసింది. కింద సంతకం పెట్టాను.

ఇంటికి నడుస్తూ మావ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకుంటాడేమోనని భయపడ్డాను.

"నాకు తెల్దనుకున్నావేటిరా? నా ఎనకాలే కదా కూసినావు" అన్నాడు మావ.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు మావా?"

"సెప్తే ఏటవుతాది? నాయకుడు అమ్ముడుపోనాడంటే ఊరు కోప్పడతాది. నోరు నిలవని గుంటణ్ణి ఆకర్న నిలబెట్టినాడంటే నవ్వుతాది. కోపానికి ఓర్సుకోగలను గానీ నవ్వుకి ఓర్సుకోనేను. ఇన్నేళ్ళు దాసుకొచ్చినాను. ఇయాల సంతకమెట్టి మరీ బయటెట్టీసినావు!"

అని ఆయనే ముందుగా నవ్వాడు. ఊరు అప్పటికే మొదలుపెట్టింది. ఇప్పుడు కాలువ గురించి మావ ఏం చెప్పినా నవ్వుతూనే వింటున్నారు, కానీ కూర్చోమనడం లేదు. ఆ ఇరవై మూడేళ్ళవాడి మీద కోపం తెచ్చుకుందామని కూర్చుంటాను. మూసుకోవలసినప్పుడు నోరు తెరిచాడు, తెరవవలసినప్పుడు మూసుకున్నాడు. తెల్లజుట్టు వచ్చాక ఎలాగో సరిదిద్దుకున్నాడనుకుంటే, అది కూడా అడగకుండా చేసిన పనేనని మావ అంటున్నాడు. వాడు ఇంకా పెద్దవాడు కాలేదు కాబోలు.