పైపు కొసన పంటి గాట్లు

మొన్న శుక్రవారం మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు దించుతుంటే ఉస్తాద్ పోయాడని కబురొచ్చింది. చెప్పినవాడు కూడా దగ్గుతూనే చెప్పాడు. సీజన్ వచ్చిందంటే పసుపు దుమ్ముకు మా ఆర్మూర్‌లో దగ్గని మనిషి ఉండడు. ఆ దగ్గుల్లో ఒక దగ్గు వేరని తెలిసి కూడా నోరు మూసుకున్నవాణ్ణి నేను. అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఆయన మెకానిక్. నేను ఒక పసుపు వ్యాపారి దగ్గర డ్రైవర్ని. ఎనభైల చివర మా సేటు హైదరాబాద్ వేలంపాటలో ఒక పాత విదేశీ జీపు కొనుక్కొచ్చాడు. పెట్రోలు బండి, చూడ్డానికి ఏనుగంత. నెల తిరగకుండానే, బ్రేకు వేసిన చోటల్లా ఇంజను ఆగిపోవడం మొదలుపెట్టింది. ఎందరో మెకానిక్‌లు కార్బురేటర్ విప్పారు, బిగించారు, చేతులెత్తేశారు. అప్పుడే కువైట్ గ్యారేజీల్లో చాలా ఏళ్ళు చేసి వచ్చిన ఉస్తాద్ నిజామాబాద్ రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకున్నాడు.

బానెట్ ఎత్తి, కాసేపు చెవి పెట్టి విని, "పొగ వాల్వు" అన్నాడు. ఇంజను వదిలిన పొగలో కొంత మళ్ళీ ఇంజనుకే తాగించే వాల్వు అది. గాలి పాడు కాకూడదని ఆ దేశాలవాళ్ళు పెట్టుకున్న ఏర్పాటు. అసలు పేరు ఈజీఆర్ వాల్వు అని చెప్పాడు గానీ మా నోట పొగ వాల్వే అయింది. ఏదీ, ఎక్కడుందని అడిగితే నా చెయ్యి పట్టుకుని ఇంజను వెనక సందులోకి దూర్చాడు.

"కండ్లు మూస్కో తమ్మీ. గిది కండ్లకు దొరకది, వేళ్లకు దొరుకుతది. పుట్టగొడుగు లెక్క తగులుతుందా?"

తగిలింది. చెయ్యి కూడా కాలింది.

"ఇగ జిందగీల మర్వవు," అని నవ్వాడు.

వాల్వు మసిపట్టి తెరుచుకునే ఉండిపోయిందట. విప్పి, గీకి, బిగించాడు. బండి దారికొచ్చింది. తర్వాత ఎప్పుడు మొరాయించినా నేను మాత్రం పెట్రోలు మంచిదే పోయించిన, మెల్లగనే నడిపిన అని ఏదో ఒక కోత కోసేవాణ్ణి. "బండి అబద్ధమాడదు తమ్మీ, డ్రైవరే ఆడ్తడు" అని అందరి ముందూ ఆటపట్టించేవాడు. ఆయన దగ్గర ఆ మాట పడని డ్రైవర్ లేడు.

వాల్వును పరీక్షించే పద్ధతి ఆయనకొకటి ఉండేది. దాని నెత్తిన ఉండే సన్నని రబ్బరు పైపు కొసను పళ్ళతో పట్టి, గాలి పీల్చి, నాలుకతో మూసేవాడు. లోపలి రబ్బరు పొర బాగుంటే, వాల్వు మధ్యలో పుల్లలా ఉండే కాడ పైకి లేచి, నాలుక తీసేదాకా అలాగే నిలబడుతుంది. చినిగితే లేవదు. తర్వాత నల్లగా ఉమ్మి, "నా జర్దా గిదే" అనేవాడు. బీడీ ముట్టని మనిషి. ఏళ్ళ తరబడి అదే చోట కొరికితే పైపు కొసన గాట్లు పడ్డాయి.

పోయిన సీజన్‌లో, ముసలిదైపోయిన అదే జీపులో ఏర్గట్ల నుంచి పసుపు వేసుకొస్తుంటే, ఎత్తు ఎక్కినప్పుడల్లా ఇంజను టకటకా కొట్టుకుంది. ఉస్తాద్ పైపు నోట్లో పెట్టుకుని పీల్చాడు. కాడ లేవలేదు. మళ్ళీ పీల్చాడు. మూడోసారి దగ్గు తెర వచ్చి, కళ్ళ నీళ్ళు తిరిగి, బండిని పట్టుకుని నిలబడ్డాడు.

"పొర చినిగింది. వేరే వాల్వు తేవాలె," అని చెప్పి నమాజుకు పోయాడు.

ఊరికే, నేనూ పీల్చి చూశాను. వేలి కింద కాడ చటుక్కున లేచింది. నాలుక అడ్డం పెట్టాను. పడలేదు. పొరకు ఏమీ కాలేదు. పీల్చడానికి ఆయనలోనే ఊపిరి లేదు.

ఆయన తిరిగొచ్చేసరికి పైపు నా చేతిలోనే ఉంది.

"నువ్వు గూడ సూసినవా? లేచిందా?"

బెంచీ మీద నలుగురు డ్రైవర్లు వింటున్నారు. ఉస్తాద్ చెప్పిండంటే అదే ఫైసలా అని ఊరంతా అనుకునే మనిషి.

"లేదు ఉస్తాద్. చినిగింది."

ఆయన ముఖం తేటపడింది. హైదరాబాద్ నుంచి మరో వాల్వు వచ్చింది. బిగించేటప్పుడు పొగ పోయే దారిలో పేరుకున్న మసి గీకాడు. అసలు రోగం ఆ మసే కాబట్టి బండి నయమైంది. "సూసిండ్రా?" అన్నాడు అందరితో. అంతా చూశారు. నేను తల ఊపాను.

వానాకాలంలో మంచం పట్టాడు. నిజామాబాద్ దవాఖానకు పోయి చూశాను. ఆయన భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "గింత లేటుగ తెస్తరా అని డాక్టర్ కోపం జేసిండు భయ్యా. మేము పసుపు దగ్గే అనుకుంటిమి," అంది. అప్పుడు నిజం చెప్పి ఉంటే బతికేవాడని అనను. తెలియదు. తెలియకపోవడమే నాకు మిగిలింది.

ఉస్తాద్ ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది.

"గా పాత వాల్వు... పారేసినవా?"

"లే ఉస్తాద్. సీటు కింద ఉన్నది."

నా ముఖంలోకి చూశాడు. "మంచిగనే ఉండె గదా?" అన్నాడు. నేను తల దించుకున్నాను. నా చెయ్యి మీద మెల్లగా తట్టి, అటు తిరిగి పడుకున్నాడు. తిట్టినా బాగుండేది.

మొన్న ఖబ్రస్తాన్‌లో మూడు పిడికిళ్ళ మట్టి వేసి వచ్చి జీపులో కూర్చున్నాను. సీటు కింద నుంచి ఆ వాల్వు తీశాను. దాని పైపు దానికే ఉంది. కొసన ఆయన పంటి గాట్ల మీదే నా పళ్ళు ఆనించి, పీల్చి, నాలుక అడ్డం పెట్టాను. కాడ లేచి నిలబడింది. నాలుక తీస్తే పడిపోతుందని అట్లాగే కూర్చున్నాను.