పొగాకు బ్యారన్‌లో గబ్బిలాలు

అమ్మ పోయి రెండేళ్లయింది. ఆమె చీరలు ఎన్నిసార్లు తీసి చూసినా కలరా ఉండల వాసనే. నాకు కావలసింది వేరే. నా చిన్నప్పుడు చలికాలమంతా అమ్మ అద్దంకి దగ్గర ఒక రైతు పొగాకు బ్యారన్ ముందు కూర్చుని కర్రలకు ఆకు అల్లేది. ఆ ఎత్తయిన గదిలో పొయ్యి వేడికి ఆకు మగ్గుతుంటే వచ్చే తీపి ఘాటు సాయంత్రానికి ఆమె కొంగులో ఉండేది. ఆ బ్యారన్ ఆరిపోయి పదేళ్లు దాటిందని, ఇప్పుడందులో గబ్బిలాలు కాపురం పెట్టాయని విన్నాను. ఆ వాసన కాస్తయినా మిగిలుంటుందేమోనని ఏప్రిల్‌లో ఒక ఆదివారం బయల్దేరాను. గబ్బిలాల మీద మోజుతో వెళ్లానంటే అబద్ధమే.

గుంటూరులో మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అద్దంకికి రెండున్నర గంటలు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. చిలకలూరిపేట దాకా దారి పక్కన కల్లాల్లో ఆరబోసిన మిర్చే, బస్సులో సగం మంది తుమ్ముతూనే ఉన్నారు. అద్దంకిలో రానూపోనూ ఆటో నాలుగు వందలకు మాట్లాడుకున్నాను.

"గబ్బిలాలు చూడ్డానికా మేడమ్, గుంటూరు నుంచి?" అన్నాడు డ్రైవర్. "ఈసారి మా ఇంటికి రండి, బల్లుల్ని చూపిస్తా."

బ్యారన్ యజమాని కోటయ్య బాబాయి నన్ను గుర్తుపట్టి మజ్జిగ ఇచ్చాడు. గ్లాసు ఖాళీ కాకముందే తలుపు తీయమని అడిగాను.

"ఇప్పుడు తియ్యనమ్మాయ్. లోపలన్నీ బాలింతలు. బెదిరి లేచాయంటే పిల్లలు జారి కింద పడతాయి."

"ఒక్క నిమిషం బాబాయ్. వాసన చూసి వచ్చేస్తా."

"పొగాకు వాసనా? అదెప్పుడో పోయింది. ఉన్నదంతా వీటి కంపే."

నాకు కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చింది ఆ ఒక్క నిమిషం కోసమే. ఆయన పట్టించుకోకుండా మంచం వాల్చి కూర్చోబెట్టాడు.

"కరోనాప్పుడు ఊరంతా నా మీదకొచ్చారు. పొయ్యిలో ఒక్క మంట పెట్టు, పీడ పోద్దన్నారు. కట్టెలు కూడా పేర్చా. గోడకున్న గాజులోంచి చూస్తే ఒక్కోదాని పొట్టకి ఒక పిల్ల. చెయ్యాడలేదమ్మాయ్."

ఇవి చేలమీద పురుగుల్ని తింటాయట. పిల్లలు ఎగరడం నేర్చాక ఆయన మూతికి గుడ్డ కట్టుకుని కింద పడిన పెంటను ఊడ్చి మిరప నారుమడికి వేస్తాడట.

ఆరున్నర దాటాక, కప్పు కింది సందులోంచి తల్లులు ముందు ఒకటీ అరా, తర్వాత గుంపుగా వచ్చి, పత్తి తీసేసిన చేల మీదుగా వెళ్లిపోయాయి. అప్పుడు బాబాయి నన్ను ఆ చిన్న గాజు దగ్గరికి పిలిచాడు. ఒకప్పుడు అందులోంచి లోపలి వేడి చూసేవాడు. టార్చికి ఎర్ర కాగితం చుట్టి వెలిగించాడు. అమ్మ అల్లిన కర్రలు వేలాడిన దూలాలకే బొటనవేలంత పిల్లలు ఒకదాన్నొకటి అంటుకుని వేలాడుతున్నాయి. నేను గాజుకి ముక్కు ఆనించాను. ఏ వాసనా రాలేదు.

"వాటి కోసం ఏడవబాకమ్మాయ్," అన్నాడు బాబాయి. "తెల్లారేలోపు తల్లులొచ్చేస్తాయి. ఏ పిల్ల ఏ తల్లిదో వాసనతోనే కనిపెట్టుకుంటాయి."

తిరుగు బస్సులో ఆ మాటే చెవుల్లో ఉంది. అమ్మ వాసన దొరకలేదు, ఇంకా కావాలనే ఉంది. అయినా ఆ తలుపు తెరవనందుకు బాబాయి మీద కోపం మాత్రం అద్దంకి దాటకముందే పోయింది.

మీరూ వెళ్తే ఐదున్నరకల్లా చేరండి, ఫ్లాష్ వాడకండి, దేన్నీ ముట్టుకోకండి. ఏప్రిల్, మే నెలల్లో తలుపు తీయమని మాత్రం అడగకండి. నేను రెండుసార్లు అడిగాను.