కొసరుగా వచ్చిన దీపం

మొన్న మా అపార్టుమెంటు సెల్లారులో పది రోజులుగా కదలకుండా ఉన్న మా అబ్బాయి కారు స్టార్టు కాకపోతే, కంపెనీ నుంచి టై కట్టుకున్న ఒక పెద్దమనిషి వచ్చి, బానెట్టు ఎత్తి, ఫోనులాంటి పరికరమేదో తగిలించి, దాని మొహం చూసి, మా మొహాలు చూడకుండానే బ్యాటరీ మార్చాలని తీర్పు చెప్పాడు. ఎందుకు అయిపోయిందయ్యా అంటే, అడగకూడనిది అడిగినట్టు చూశాడు. నాకు పాత చుట్టం కనిపించినట్టయింది. ఇలాంటి తీర్పులు నమ్మి రెండు బ్యాటరీలు కొన్న మేధావిని నేను, ఎనభైల మొదట్లో, తణుకులో.

మాది స్టీలు సామాను కొట్టు. గిన్నె కొంటే మూత కొసరడిగే జనం మధ్య పెరిగినవాణ్ణి కనుక, నాతో బేరానికి దిగినవాడు బాగుపడడని నాకు గట్టి నమ్మకం. పక్క ఊరి పెద్ద రైతు ఒకాయన పాత కారు అమ్ముతున్నారంటే వెళ్ళి, మధ్యాహ్నమంతా ఆయన వరండాలో కూర్చుని, ఆయనకు విసుగు పుట్టేదాకా బేరమాడి, చివర్లో కొసరు కూడా పట్టాను. తలుపు తీయగానే లోపల వెలిగే చిన్న దీపం ఒకటి ఆయన కొత్తగా పెట్టించుకున్నారు. అది విప్పుకుంటానన్నారు. నేను విప్పనిచ్చానా? సైన్యాన్ని గెలిచినట్టు ఆ దీపంతో సహా ఇంటికి వచ్చాను.

ఆ రోజుల్లో రాజమండ్రిలో తెరవబోయే రెండో కొట్టు నాకివ్వాలా, మా అక్క మొగుడికివ్వాలా అని నాన్నగారు ఊగిసలాడుతున్నారు. పెనుగొండ అమ్మవారి దర్శనానికి ఈ కారులో, ఎవరూ తోయకుండా తీసుకెళ్ళగలిగితే తాళాలు నావి, లేకపోతే బావగారివి అని తేల్చేశారు. నేను నవ్వాను.

ఆదివారం తిప్పి, షెడ్డులో పెట్టి, పైన పట్టా కప్పితే, మళ్ళీ ఆదివారానికి కారు శవం. సెల్ఫ్ కొడితే ఒక్క మూలుగు, అంతే. వీధంతా చూస్తుండగా తోసుకుంటూ వెళ్ళేవాళ్ళం. బ్యాటరీల కొట్టాయన ఒక్కనాడూ మా కారు దగ్గరికి వచ్చిన పాపాన పోలేదు. కుర్చీలోంచి లేవకుండానే ఒకసారి నీళ్ళు పోయించాడు, ఒకసారి చార్జి చేయించాడు, తరవాత కొత్తది అంటగట్టాడు, అదీ చచ్చాక మరొకటి. వాడి దగ్గర కూడా బేరమాడి తగ్గించానని మురిసిపోయిన నా తెలివిని ఏమనాలో ఇప్పటికీ మాట దొరకదు. ఇక బావగారు, డిగ్రీ చదివిన మనిషి, కారు నంబరు అంకెలు కూడి, మొత్తం మంచిది కాదని తేల్చి, ముందు బంపరుకి నిమ్మకాయలు కట్టారు.

పెనుగొండ వెళ్ళే రోజు రానే వచ్చింది. ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని, కొబ్బరికాయల సంచీతో వచ్చి కూర్చున్నారు. నేను సెల్ఫ్ కొట్టాను. మూలుగు కూడా లేదు.

"ఏం బావమరిదీ, అమ్మవారినే ఇక్కడికి రమ్మందామా?" అన్నారు బావగారు. బస్సులోనే వెళ్ళాం. నాన్నగారు దిగేటప్పుడు, కారు రోగమే కనిపెట్టలేనివాడు కొట్టేం కాస్తాడని కిటికీతో అన్నట్టు అన్నారు.

తిరిగొచ్చాక, సిగ్గు చంపుకుని, చెరుకు లారీల లైట్లు బాగుచేసే ముసలి మేస్త్రీని పిలిచాను. అన్నాళ్ళూ లారీల మేస్త్రీకి కారేం తెలుసని చులకన చేసింది నేనే. బ్యాటరీకి చార్జి పెట్టించి బిగించిన మర్నాడు ఆయన వచ్చి, పట్టాని ముందువైపు మాత్రం మడిచి, బానెట్టు ఎత్తి, బ్యాటరీ వైరు ఒకటి విప్పి మళ్ళీ మెల్లగా తాకించాడు. చిటుక్కున మెరిసింది.

"కారు తాళం నా చేతిలోనే ఉంది కదండీ. మరి లోపల కరెంటు ఎవరు తాగుతున్నట్టు?"

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి తాకిస్తూ పోయాడు. ఒకటి పీకాక మెరుపు ఆగింది. అది మళ్ళీ పెట్టి, వైరు బిగించి, పట్టా పూర్తిగా ఎత్తాడు. పట్టపగలు, ఎవరికీ కనబడకుండా, నేను కొసరుగా సాధించుకొచ్చిన ఆ దీపం అఖండంగా వెలుగుతోంది. వెనక ఎడమ తలుపు గోరంత సందుతో సగమే పడి ఉంది.

ఆ తలుపు నాన్నగారిది, ఎప్పుడూ ఆ వైపే కూర్చునేవారు. కొట్టు బీరువా తలుపులైనా, గల్లాపెట్టె మూతైనా ఆయన చప్పుడు కానిచ్చేవారు కాదు. మేం కారు తలుపు గట్టిగా వేస్తే, "లక్ష్మీదేవి మొహానట్రా ఆ మోత?" అని కసిరేవారు. తాను దిగితే పసిబిడ్డను పడుకోబెట్టినట్టు రెండు చేతులతో దగ్గరికి వేసి వచ్చేవారు. దీపం చచ్చాకే మేం పట్టా తీసేవాళ్ళం కనుక ఎవరికీ తెలియలేదు.

ఇక నాకేం కావాలి? బావగారి ఎదుటే రుజువు చేస్తే తాళాలు నావి. విసవిసా కొట్టు గుమ్మం దాకా వెళ్ళాను. నాన్నగారు కండువా కొసతో బీరువా అద్దం తుడిచి, తలుపు చప్పుడు లేకుండా దగ్గరికి వేస్తున్నారు. వెనక్కి వచ్చేశాను.

బల్బు పీకెయ్యమంటే మేస్త్రీ నవ్వాడు. "పెద్దాయనకో మాట చెబితే పోయేదానికి బల్బెందుకండీ పీకడం?"

"అయితే నువ్వే వెళ్ళి చెప్పు."

మేస్త్రీ గబగబా స్క్రూడ్రైవరు తీశాడు.

మరుసటి నెల నాన్నగారు మళ్ళీ బయల్దేరదీశారు. కారు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. పెనుగొండలో దర్శనమయ్యాక తాళాలు నా చేతిలో పెడుతూ, వస్తువుని మెల్లగా చూసుకుంటే నిలుస్తుందని ఇన్నాళ్ళకు తెలిసిందా అన్నారు. బావగారేమో అంతా నిమ్మకాయల మహిమన్నారు. ఇద్దరికీ తలూపాను. బతుకులో బేరమాడకుండా నేను వదులుకున్న గెలుపు అదొక్కటే.

మా అబ్బాయి కారుకి కొత్త బ్యాటరీ వచ్చేసింది, పాతదాన్ని తిన్నదేమిటో చూసినవాడు లేడు. ఈ కారు తలుపు సగం పడితే చాలు, ఎవరు ఎక్కారన్నది చూడకుండా కీచుమని అరుస్తుంది. నాన్నగారికి నేను చెప్పలేకపోయిన మాటను అది ముక్కూ మొహం తెలియనివాళ్ళకి కూడా చెప్పేస్తోంది. అది అరిచినప్పుడల్లా, వెనక ఎడమ తలుపు దగ్గర రెండు చేతులు కనబడతాయి నాకు.