ఎండలో పాడైన నక్కల మందు

ఎన్నో ఏళ్ళుగా ఈ మాటను మింగలేక, కక్కలేక మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. ముఖం తెలియని మీకు చెబుతున్నాను. రేపు మీ ఎదుట తల దించుకుని నిలబడాల్సిన పని లేదు, అందుకేనేమో.

ఖతర్‌లో ఎడారి నక్కలకు రేబిస్ రాకుండా మందు పెట్టే పనిలో ఉండేవాణ్ణి. నక్కను పట్టి సూది వేయడం అయ్యే పని కాదు. అందుకని చేపపొడి, కొవ్వు కలిపిన బిళ్ళలో మందు పొట్లం పెట్టి, బొరియల దగ్గర వేసేవాళ్ళం. కొరికితే మందు నోట్లోకి పోతుంది. వేసేదాకా బిళ్ళలు ఐస్‌పెట్టెలోనే ఉండాలి. ఎండ తగిలితే మందు పనికిరాదు. కొత్తగా చేరినవాళ్ళకు ఈ మాట చెప్పేది కూడా నేనే.

ఒక శుక్రవారం మా క్యాంప్‌లో ఒకతను పని ముగించుకుని ఇంటికి పోతున్నాడని దావత్ పెట్టుకున్నాం. దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో మటన్ కొన్నాను. ఆ ఎండలో బిర్కత్ అల్ అవామిర్‌లోని మా క్యాంప్ దాకా ఎలా తేవాలి? పికప్‌లో మందు బిళ్ళల ఐస్‌పెట్టె కనిపించింది. బిళ్ళలు తీసి పికప్ వెనక గోతంలో పోసి, పెట్టెలో మటన్ సర్దాను. ఎంతసేపులే అనుకున్నాను. దారిలో టైరు పంక్చరైంది. క్యాంప్‌కు చేరేసరికి కొవ్వు కరిగి బిళ్ళలు ముద్దముద్దగా అంటుకుపోయాయి. ఆఫీసులో చెబితే ఉద్యోగం ఊడుతుందని భయం. ఐస్‌లో వేసి మళ్ళీ గట్టిపరిచాను. ఆ రోజు బిర్యానీ బాగుందని అందరూ మెచ్చుకున్నారు, నేనూ మారు వడ్డించుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆ పాడైన బిళ్ళలనే క్యాంప్ చుట్టూ ఇసుకలో వేసి వచ్చాను. సిగ్గు లేదా? అప్పుడు లేదు.

ఆ చలికాలంలోనే మా మెస్సులో వంట చేసే మల్లేశం, వెనక చెత్త పారేయడానికి పోతే, నక్క చెయ్యి కొరికింది. రక్తం తుడుచుకుంటూ నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"అన్నా, సూది ఏసుకోవాల్నా? నువ్వు ఈడ నక్కలకు మందు పెట్టినవ్ గదా?"

"పెట్టిన. ఏం గాదు, సబ్బుతోని కడుక్కో."

"అయితే ఫికర్ లేదు. నువ్వు చెప్పినంక ఇంకేంది."

ఆసుపత్రికి పోతే నక్క ఎక్కడ కరిచిందని అడుగుతారు, మా మందు సంగతి తవ్వుతారు. నా బుర్రలో అదే తిరిగింది. మందు బాగున్నా సరే, నక్క కరిస్తే సూది వేయించుకోవాల్సిందేనని నాకు తెలుసు. తెలిసి కూడా, ఒక మనిషి ప్రాణం కన్నా నా కొలువే ఎక్కువ అనుకున్నానా? అనుకున్నాను.

మల్లేశం బతికే ఉన్నాడు. ఆ నక్కకు రోగం లేదేమో. కానీ ఆ రోగం ఒంట్లో ఎన్నాళ్ళు దాక్కుంటుందో ఎవరూ చెప్పలేరు. బయటపడిందా, ఇక చేసేదేమీ ఉండదు, మనిషి నీళ్ళు చూసి వణికిపోతాడు. ఇప్పటికైనా సూది వేయించుకోమని చెప్పవచ్చు కదా అంటారు మీరు. చెబితే ఎందుకో కూడా చెప్పాలి. ఫోన్ తీస్తాను, వేరే మాట అడిగి పెట్టేస్తాను.

ఇప్పుడతను అల్ వుకైర్‌లో ఒకరింట్లో వంట చేస్తున్నాడు. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి ఒక్కటే అడుగుతాను, "నీళ్ళు తాగినవా మల్లేశం?" అని. నవ్వుతాడు. సొంత అన్న కూడా ఇంతగా అరుసుకోడని ఊళ్ళో ఉన్న భార్యకు చెప్పుకుంటాడట. ఆమె నాకు దండాలు చెప్పమన్నదట. వింటుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇవాళ కూడా అడిగాను. గ్లాసు ఫోన్ దగ్గర పెట్టుకుని గటగటా తాగి వినిపించాడు. ఫోన్ పెట్టేసి మీకిది రాశాను. కొంచెం ఊపిరి ఆడుతోంది. అతనికి ఇంకా చెప్పలేదు.