చెయ్యితో చూపెట్టు

ఉస్తాద్ పోయిండని ఫోన్ వచ్చినప్పుడు నేను ఒక చిన్న విమానం తోకల తల పెట్టి ఉన్న. చేసింది ఆయన కొడుకు. "అన్నా, నాయిన పొద్దుగాల పోయిండు. పండుకున్నోడు పండుకున్నట్టే." నా చేతుల పానా కిందపడ్డది. ఏడుపు రాలె, కోపమొచ్చింది. నాకు ఏదొచ్చినా ముందు కోపం లెక్కనే వస్తది. అది ఆయనకొక్కనికే ఎరుక.

బీదర్ ఊరవతల, ఎర్రమట్టిల మా షెడ్డు. హైదరాబాదుల భూములమ్మినోళ్లు ఆకాశం కొనుక్కుంటున్న రోజులవి. వాళ్ల నాలుగు సీట్ల విమానాలు మా దగ్గరికి రిపేరుకు వచ్చేటివి. నేను మన్నళ్ళి ఊర్ల బోరు మోటర్లు విప్పుకుంట పని నేర్చినోణ్ణి. ఉస్తాద్ చింతకి అనే ఊరి దిక్కు మనిషి. ఆటోపైలట్ చూసుడు ఆయన పని. అంటే, పైలట్ చెయ్యి తీసేసినా విమానం తన ఎత్తు, తన దిక్కు తానే పట్టుకొని పోయే ఏర్పాటు.

పైలట్లు దిగుడుతోనే మొదలుపెట్టేటోళ్లు. "ఆటోపైలట్ పాడైంది ఉస్తాద్, డబ్బా మార్చాలె." ఆయన వాళ్ల చేతుల చాయ్ గిలాస తీసి పక్కకు పెట్టేటోడు. "ఏం పాడైందో నేను చూస్త. అది ఏం చేసిందో చెప్పు. నోటితోని గాదు, చెయ్యితో చూపెట్టు."

అరచెయ్యి చాపితే అదే విమానం. గబగబ వణికితే మోటరు చూసేటోడు. మెల్లగ పైకీ కిందికీ ఊగితే, ఎత్తు కొలిచే గాలి గొట్టం కారుతుందా, తీగ వదులైందా అని చూసేటోడు. ఒక దిక్కు వాలితే, "ఆటోపైలట్ బంద్ చేసి నడుపు. ఉట్టిగనే సక్కగ పోని బండిని అదేం సక్క చేస్తది?" అనేటోడు. "నోరు పేర్లు పెడ్తది. చెయ్యికి పేర్లు రావు" అని నవ్వేటోడు.

ఒక సేటు విమానం వచ్చింది. ఎత్తు పట్టుకోమంటే ముక్కు లేపుడు, దించుడు. వేరే షెడ్డోళ్లు డబ్బా మార్చినా అదే తీరు. సేటు మధ్యాహ్నం వచ్చి నిలబడ్డడు.

"కొంచెం ఊగుతాంది, అంతే. సంతకం పెట్టు. సాయంత్రం పిల్లలను తీస్కపోవాలె."

"పెట్ట" అన్నడు ఉస్తాద్.

"అయితే నా విమానాలు ఇగ నీ షెడ్డుకు రావు."

ఆయన విమానాల మీదనే మా షెడ్డు బతుకుతుండె. నాకు ఒళ్లు మండింది. "పోనియ్యి ఉస్తాద్! పోయి పడనియ్యి!" అని ఒర్రిన.

"నీ ఆటోపైలట్ బంద్ చెయ్యిరా ముందు" అన్నడు. నాకు తప్ప అందరికీ నవ్వొచ్చింది. తర్వాత సేటు దిక్కు తిరిగిండు. "మీరు గూడ లోపల్నే కూసున్నరు గద సేట్. చూపెట్టుండ్రి."

సేటు ఉంగరాల చెయ్యి చాపిండు. చెయ్యి మెల్లగ లేచింది, దిగింది. ఇంకింత పైకి లేచింది, ఇంకింత కిందికి దిగింది. మళ్ల లేవబోయి ఆగింది. తన చెయ్యిని తానే చూస్కుంట నిలబడ్డడు. "చిన్నోడు ఏడ్వబట్టిండు అప్పుడు" అన్నడు మెల్లగ. ఆ సాయంత్రం పిల్లలతోని హుమ్నాబాద్ మీదికెళ్లి కార్ల పోయిండు.

ఉస్తాద్ ముందుగాల గాలి గొట్టమన్నడు. పొద్దుగూకేదాక ఎతికినం. ఏడ కారలె. "నేనూ పేరే పెట్టిన సూడు" అని తనను తానే తిట్టుకున్నడు. తెల్లారి తోక విప్పినం. ముక్కును లేపి దించే తీగ వదులైంది. డబ్బా లేపమన్న సంగతి తోకకు ఆలస్యంగ చేరుతాంది, చేరేసరికి ఎక్కువైతాంది. నేను బిగించిన, ఆయన కొలిచిండు. పైలట్ ఎగిరి దిగొచ్చి, అడగకముందే అరచెయ్యి చాపిండు. పలక లెక్క కదలకుండ ఉండె. ఉస్తాద్ చాయ్ గిలాస తెచ్చి ఆ చేతిలనే పెట్టిండు.

సేటు మళ్ల వచ్చిండు. ఆఖరుదాక మా దగ్గరికే వచ్చిండు.

మట్టి ఇచ్చేకాడికి గూడ వచ్చిండు. అందరు ఎనుకకు మళ్లినంక నా పక్కకొచ్చి, "ఎట్ల పోయిండురా?" అని అడిగిండు. మట్టిచెయ్యి తుడుసుకొని చాపిన. వణకనియ్యలె, ఏ దిక్కూ వాలనియ్యలె. మెల్లగ, మెల్లగ దించి ఆ పచ్చిమట్టి మీద ఆనించిన.

నేను లేచినంక ఆ ఎర్రమట్టిల అయిదు వేళ్ల అచ్చు మిగిలింది.