పది చేతుల జీవి ముక్కు

యుద్ధంలో ఓడల మీద వంట చేసిన ఏసుపాదం 1947లో మిర్యాలగూడకు అరచేయంత నల్లని ముక్కు ఒకటి తెచ్చాడు. డర్బన్ రేవులో కోసిన తిమింగలం కడుపులో దొరికిందనీ, అది సముద్రం అడుగున బతికే పది చేతుల జీవిదనీ చెప్పేవాడు. చిలక ముక్కులా పై సగాన్ని కింది సగం మీదికి అమర్చేవాడు. అది మూసుకునేది కాదు. జనం నవ్వేవారు. భార్య జానమ్మ నవ్వలేదు, నమ్మనూ లేదు. అదే అతని బాధ.

ఒకరోజు అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తున్న ఆమె ఆ ముక్కును తిరగేసింది. కింది సగం పైదాన్ని కమ్మి మూసుకుంది.

"చిలక్కాదయ్యా, అడకత్తెర. తునకలు చేసి తింటది."

"అవునే! దాని గొంతు మెదడు నడుమకెల్లి పోతదట. పెద్ద ముద్ద పట్టదు."

"మరి గంత చీకట్ల ఆడది, మగది ఎట్ల కలుస్తయి?"

ఏసుపాదం ఆలోచించాడు. "ఎవ్వరు సూడలే. నాకు తెల్వదు."

కథలల్లేవాడైతే దీనికీ ఒకటి అల్లేవాడే. అప్పుడు నమ్మింది జానమ్మ.